ఏడుపు పారాలె

పెద్దమ్మ పోయిందని ఇల్లందు నుంచి ఫోన్ వస్తే నేను మొదట నమ్మలేదు. ఫోన్ చేసిన ఆవిడ అబద్ధాలాడే మనిషి కాదు. బొగ్గుబాయి కాలనీలో మేమున్న రోజుల్లో మా లైన్‌లోనే చివరి క్వార్టర్ వాళ్ళది. అయినా "ఎప్పుడు, ఎట్లా" అని అడగాల్సినదాన్ని "నిజంగానేనా?" అని అడిగాను. ఆవిడ "ఈసారి నిజమేనమ్మా, నేను పోయి చూసే వచ్చిన" అంది. ఆ 'ఈసారి' దగ్గర ఇద్దరికీ నవ్వాగలేదు. చావు కబురు దగ్గర నవ్విన పాపం ఇద్దరం చెరిసగం పంచుకుని, ఆ తర్వాత ఏడ్చాం.

ఆ నవ్వు ఎందుకొచ్చిందో తెలియాలంటే పెద్దమ్మ టీవీ చూసే తీరు తెలియాలి.

రెండువేల దశకం మొదట్లో నేను మధిర పక్క నుంచి పెళ్ళై ఆ కాలనీకి వచ్చాను. మావారిది బాయి పని. అక్కడ బొగ్గుగనిని బాయి అంటారు, బావిలోకి దిగినట్టే దిగుతారు కదా. మా క్వార్టర్‌కి ఎదురు క్వార్టర్‌లో పెద్దమ్మ. నాకు చుట్టమేమీ కాదు, లైన్ మొత్తానికీ ఆమె పెద్దమ్మే. పొట్టి మనిషి. భర్త జబ్బు చేసి పోతే ఆ ఉద్యోగం ఒక్కగానొక్క కొడుక్కి వచ్చింది. కొడుకు డ్యూటీకి, తల్లి టీవీకి. ఆ ఇంట్లో ఇద్దరూ పనిచేస్తారని మావారు నవ్వేవారు.

నేను కాపురానికి వచ్చిన కొత్తలోనే ఒక సాయంత్రం తలుపు తట్టకుండా లోపలికొచ్చింది. మా చిన్న టీవీ ముందు నిలబడి, వచ్చే బొమ్మని కాదు, నన్ను చూసింది.

"ఏం చూస్తున్నవ్ బిడ్డా?"

"ఏడున్నరకి వచ్చే సీరియల్ పెద్దమ్మా. అత్తాకోడళ్ళది. బాగుంటుంది."

"నీకు అత్త ఉన్నదా?"

"లేరు. మా పెళ్ళికి ముందే పోయారు."

"అత్త లేనిదానివి అత్తల సీరియల్ చూసి ఏం జేస్తవ్? నీ మొగడు బాయిల దిగెటోడు. ఎనిమిదింటికి కొత్తది వెట్టిండ్రు, అది చూడు. అండ్ల మొగడు సస్తడు."

కొత్తపెళ్ళికూతురితో అనే మాటేనా అది? నాకు ఒళ్ళు మండిపోయింది. మంచినీళ్ళు కూడా ఇవ్వకుండా పంపించేశాను. డ్యూటీ దిగి వచ్చిన మావారితో చెప్పి ఏడిస్తే ఆయన పడీ పడీ నవ్వారు. "సెన్సార్ బోర్డు వచ్చిపోయిందన్నమాట. నీకు సర్టిఫికెట్ ఇచ్చింది, చూడు మరి" అన్నారు.

ఆమె నిజంగానే మా లైన్‌కి సెన్సార్ బోర్డు. ఏ ఛానెల్‌లో కొత్త సీరియల్ మొదలైనా మొదటి వారం ఎవరికీ చెప్పకుండా ఒక్కతే చూసేది. టీవీకి బాగా దగ్గరగా పీట వేసుకుని, ఒక మోకాలు పైకి పెట్టి కూర్చునేది. రిమోట్‌ని దూరం నుంచి నొక్కితే పనిచేస్తుందని ఆమెకి నమ్మకం లేదు. లేచి వెళ్ళి దాని మూతిని టీవీకి ఆనించి నొక్కేది. వారం అయ్యాక సౌండు పూర్తిగా తీసేసి ఇంకో రెండు రోజులు చూసేది. అదే అసలు పరీక్ష.

"మాటలు బంద్ వెట్టి చూడాలె. అప్పుడు గూడ నీ కండ్లల్ల నీళ్ళొస్తె అది సీరియల్. మ్యూజిక్ వాయించి ఏడిపిస్తె ఎవలేడ్వరు? పెండ్లిల సన్నాయి వింటె గూడ ఏడుపొస్తది."

నగలు దిగేసుకుని ఏడ్చే సీరియళ్ళు ఆమె దగ్గర మొదటి రోజే ఫెయిల్. "మెడల గంత బంగారం వెట్టుకున్నోళ్ళ ఏడుపు మనకు పారది" అనేది. పారడం అన్నది ఆమె మాట. మంత్రం పారింది అంటామే, అట్లా. ఏడుపు కూడా పారాలి. ఇంట్లో మనుషులు ఎప్పుడూ మెట్లు దిగుతూనే ఉండే సీరియళ్ళంటే ఆమెకి చిరాకు. "గాళ్ళు అన్నం తినంగ ఒక్కనాడన్న చూసినవా? తిననోళ్ళు ఎట్ల సస్తరు, ఎట్ల బతుకుతరు?"

అయిపోయిన సీరియల్‌ని మధ్యాహ్నాలు మళ్ళీ మొదటి నుంచి వేసేవారు గుర్తుందా? వాటిని దగ్గరికి రానిచ్చేది కాదు. "పాసిపోయిన బువ్వ. ఒకపారి ఏడ్సినదానికి మల్ల ఏడిస్తె కడుపునొప్పి తప్ప ఏమొస్తది?" ఆగిపోయి కొన్నాళ్ళ తర్వాత మళ్ళీ వచ్చిన సీరియళ్ళని మాత్రం పూర్తిగా కొట్టిపారేసేది కాదు. మనుషులు పాతవాళ్ళే ఉన్నారా అని చూసేది. ఒకసారి మేం చూసేదాంట్లో హీరోయిన్ చేసే అమ్మాయిని మార్చేసి, ఇకనుంచి ఈ పాత్ర ఈమె చేస్తుందని కింద అక్షరాలు వేశారు. నేను చదివి చెప్పాను. పెద్దమ్మ ఆ కొత్త ముఖాన్ని తేరిపార చూసి, "మొఖం మారినంక మనిషి మారినట్టే. ఇగ దీన్ని ఇడిచిపెట్టుండ్రి" అంది. ఆ సాయంత్రం నుంచి ఆ వరసలో ఒక్క ఇల్లూ దాన్ని పెట్టలేదు. ఆమె మాటని నమ్ముతున్నామని ఎవరూ అనేవారు కాదు, కాదని ఎవరూ దాటేవారూ కాదు.

అందరికీ ఒకే సీరియల్ చెప్పేదనుకోకండి. దవాఖానాలో మనిషికో మందు ఇచ్చినట్టు ఇంటికో సీరియల్. లారీ డ్రైవర్ భార్యకి లారీ బోల్తా పడే సీరియల్. తమ్ముడు ఊళ్ళు పట్టి తిరిగే ఆవిడకి తమ్ముడు తప్పిపోయే సీరియల్. నాకు ఎనిమిదింటిది. ఒకరి సీరియల్ ఇంకొకరు చూడొచ్చు గానీ ఏడవకూడదు. చివరి క్వార్టర్ ఆవిడ ఒకరోజు నా సీరియల్‌కి కళ్ళు తుడుచుకుంటే, "ఏయ్, నీది కాదది" అని గసిరింది.

ఇదంతా ఏంటని నేను గట్టిగా అడిగిన రోజు చెప్పింది. ఆ చెప్పడం కూడా టీవీ నుంచి కళ్ళు తిప్పకుండానే.

కాకి తల మీద తన్నితే మనిషికి గండం అంటారు కదా, మా వైపూ ఉంది ఆ మాట. అట్లా తన్నితే దగ్గరి చుట్టానికి, ముఖ్యంగా మేనమామకి, ఫలానా మనిషి చచ్చిపోయాడని అబద్ధపు కబురు పంపాలి. వాళ్ళు నిజమనుకుని ఏడవాలి. ఆ ఏడుపుతో గండం తీరిపోతుంది. తర్వాత అసలు సంగతి చెప్పి, తిట్లు తిని, భోజనం పెట్టి పంపుతారు. పెద్దమ్మకి పెళ్ళైన కొత్తలో వాళ్ళ తమ్ముడు బాయిపనికి బయల్దేరుతుంటే కాకి తన్నిందట. కబురు పంపాల్సిన మామ ఇంట్లో అప్పుడు పెళ్ళి జరుగుతోంది. పెళ్ళివారింటికి చావు కబురు ఎట్లా పంపుతాం, రెండు రోజులాగి పంపుదామనుకున్నారు. తమ్ముడు ఆ రెండు రోజులు ఆగలేదు. లోపల పైకప్పు కూలింది.

"అయితే సీరియల్‌కి, దానికి ఏంటి సంబంధం?" అన్నాను.

"బాయిల దిగెటోనికి దినాం కాకి తన్నినట్టే బిడ్డా. దినాం ఎవలికని కబురు పంపుతవ్? గందుకే టీవీ."

నేను డిగ్రీ చదివినదాన్ని. ఈ మాటకి నవ్వాలి. నవ్వలేదు. ఆ రోజు మావారు సెకండ్ షిఫ్టులో ఉన్నారు, పైన చీకటి పడుతోంది, కింద ఎట్లా ఉంటుందో నాకు తెలియదు. ఎనిమిది కాగానే ఇంటికెళ్ళి ఆ సీరియల్ పెట్టాను. అందులో మొగుడు దవాఖానా మంచం మీద ఉన్నాడు. నేను కడుపులోంచి ఏడ్చాను. ఏడ్చాక నిజంగా తేలిగ్గా అనిపించింది, ఎందుకు దాచుకోవాలి? మా లైన్‌లో ఏడు నుంచి తొమ్మిది దాకా ఏదో ఒక ఇంట్లో ఎవరో ఒకరు ముక్కు చీదుతూనే ఉండేవారు. బయటినుంచి చూసినవాళ్ళకి పిచ్చికాలనీలా ఉండేది. మాకు మాత్రం ఎవరి అరగంట వాళ్ళకి గడిస్తే ఒక గండం గడిచినట్టు ఉండేది.

చిత్రమేంటంటే నిజం చావుల దగ్గర పెద్దమ్మ కంట ఒక్క చుక్క చూడలేదు. ఎవరింట్లో ఏం జరిగినా ముందు ఆమే వెళ్ళేది. డ్రమ్ముల్లో నీళ్ళు పట్టేది, పొయ్యి వెలిగించేది, పిల్లలకి తినిపించేది. ఏడ్చేవాళ్ళ పక్కన కూర్చునేది కాదు. రాతిగుండె మనిషి అనేవారు కొందరు. ఆమె చెవిన పడింది ఒకసారి. "పోయినంక ఏడిస్తె ఎవలికి? పోకముందే ఏడ్వాలె" అంది, బియ్యం చెరుగుతూనే.

ఇక ఆమె సొంత సీరియల్ సంగతి. దాన్ని ఎన్నో ఏళ్ళుగా చూస్తోంది. ఒక తల్లి, ఒక కొడుకు. మొదట్లోనే కొడుకు ఏట్లో కొట్టుకుపోతాడు. శవం దొరకదు, ఇంటివాళ్ళు కర్మలు కూడా చేసేస్తారు. మిగతా సీరియల్ అంతా ఆ తల్లి బాధలు. పెద్దమ్మ ఆ పిల్లాడి కోసం ఎన్ని సాయంత్రాలు ఏడ్చిందో లెక్కలేదు. ఆ టైమ్‌లో ఆమె ఇంటికి ఎవరమూ వెళ్ళేవాళ్ళం కాదు. కొడుకు ఇంట్లో ఉంటే వాడినీ బయటికి పంపేసేది. తల్లి తన కోసమే ఏడుస్తోందని వాడికి తెలుసు. అరుగు మీద కూర్చుని మీసం దువ్వుకుంటూ, "వదినా, లోపల నా దినాలు నడుస్తున్నయ్" అని నాతో జోక్ చేసేవాడు. మెత్తటి పిల్లాడు. పాతికేళ్ళుంటాయేమో.

ఒక శుక్రవారం ఆ సీరియల్ చివర, సోమవారం ఏం జరుగుతుందో చూపించే ముక్కలో, బస్సు దిగుతున్న ఒక గడ్డంవాడి వీపు కనిపించింది. ముఖం చూపించలేదు. మేం ఎవరమూ పట్టించుకోలేదు. పెద్దమ్మ మాత్రం పీట మీద నుంచి లేచి అరుగు మీదికొచ్చి, "గా ఈపు వాడిదే" అంది.

సోమవారం ఆమే మమ్మల్నందరినీ ఇంట్లోకి పిలిచి కూర్చోబెట్టింది. తేలింది, వాడిదే. ఏట్లో కొట్టుకుపోయినవాడిని ఎవరో జాలర్లు కాపాడారట, ఇన్నాళ్ళూ ఏమీ గుర్తులేదట. తల్లి వాడిని చూసి సొమ్మసిల్లింది. మా లైన్ ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు, చివరి క్వార్టర్ ఆవిడ చక్కెర పంచింది. పెద్దమ్మ రిమోట్ తీసుకోకుండా గోడ దగ్గర స్విచ్ తీసేసింది. ఆమె ముఖం చూస్తే నాకు భయం వేసింది.

"మంచిదేగా పెద్దమ్మా, బతికొచ్చాడుగా. కాకి కబురులో కూడా మనిషి బతికే ఉంటాడు కదా" అన్నాను, చదువుకున్న తెలివితో.

"నీకు సమజ్ కాదు బిడ్డా. నా కొడుకు గండం వాని నెత్తికెత్తిన. వాడు మోసుకోని ఏట్ల వడి పోయిండు. నిమ్మళంగ ఉన్న. ఇప్పుడు వాడు వాపసొచ్చిండు. ఉత్తచేతుల వస్తడా? నాది నాకు తెచ్చిండు."

మర్నాడు ఫస్ట్ షిఫ్టుకి సైరన్ మోగేసరికి పెద్దమ్మ గడపకి అడ్డంగా పడుకుని ఉంది. పగలు మంచం మీద కూడా నడుము వాల్చని మనిషి, చీర చెంగు కప్పుకుని గడప మీద. వెనక తలుపుకి తాళం, తాళంచెవి ఆమె బొడ్లో. కొడుకు డ్యూటీ బట్టల్లో, బూట్లతో లోపల నిలబడ్డాడు. తల్లిని ఎట్లా దాటుతాడు? మనిషిని దాటకూడదు, అందులోనూ తల్లిని. సైరన్ ఆగిపోయేదాకా నిలబడి, బూట్లు విప్పేశాడు.

ఆ మర్నాడూ అంతే. ఆ తర్వాతా అంతే. మొదట్లో లైన్ అంతా నవ్వుకుంది. తర్వాత నవ్వడం మానేసింది. డ్యూటీకి చెప్పకుండా నాగాలు పెడితే ఉద్యోగం నిలవదని ఆ కాలనీలో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. మావారు వెళ్ళి చెప్పారు. ఆఫీసు నుంచి మనిషి వచ్చి ఇదే చివరి హెచ్చరికన్నాడు. వచ్చిన వాళ్ళందరినీ ఆమె గడప మీద నుంచే సాగనంపింది.

"ఉద్యోగం పోతే ఎట్లా పెద్దమ్మా?" అని నేనూ అడిగాను.

"బతికుంటడు."

"ఏం తిని?"

ముఖం గోడవైపు తిప్పుకుంది. ఆ ఉద్యోగం కోసం తండ్రి ఊపిరితిత్తులు పోగొట్టుకున్నాడు, అది ఆమెకి నేను చెప్పాలా? ఉంచుకుంటే కొడుకు పోతాడని భయం, పోగొట్టుకుంటే కొడుకు బతుకు పోతుందని భయం. తిండి మానేసింది. ఆ ఇంటి టీవీ మీద దుప్పటి కప్పేశారు. కొడుకు నా దగ్గరికొచ్చి, "నువ్వన్న చెప్పు వదినా, చదువుకున్నదానివి. నాకు గూడ భయమైతుంది" అన్నాడు. దేనికి భయమో వాడు చెప్పలేదు. బాయికా, తల్లికా, నాకు అడగబుద్ధి కాలేదు.

రెండు రోజుల తర్వాత, పొద్దెక్కాక, పెద్దమ్మే మా ఇంటికొచ్చింది. తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని ఉంది.

"ఒక్కటే తోవ ఉన్నది బిడ్డా. టీవీతోని కాదు, పాత పద్ధతే. భద్రాచలంల మా అన్నకు కబురు చెప్పాలె. వానికి మేనమామ. ఆయన ఏడ్వాలె."

"ఏమని చెప్పాలి?"

"నా నోటితోని అనను. నీకు తెలుసు."

"మీరే ఫోన్ చేయొచ్చుగా పెద్దమ్మా, నన్నెందుకు..."

"తల్లి అనొద్దు!" అని అరిచినంత పని చేసింది. "తల్లి నోట్ల మాటకు పట్టు ఎక్కువ, అన్నది అయితది. కాకి కబురు ఎవలన్న చెప్పొచ్చు, తల్లి మాత్రం చెప్పొద్దు. నీ మాట సాఫ్ ఉంటది. అచ్చం టీవీల మాట్లాడినట్టే మాట్లాడుతవ్. నువ్వు చెప్తె నమ్ముతరు."

నాకు ఇష్టం లేదు. మావారు అప్పుడు ఫస్ట్ షిఫ్టులో, భూమి కింద ఉన్నారు. ఇంకొకరి కొడుకు బాయిలో పోయాడని ఆ టైమ్‌లో నోటితో అనడానికి నాలుక ఆడుతుందా? కానీ ఈ ఒక్క అబద్ధంతో ఆ గడప ఖాళీ అయితే, ఆ పిల్లాడి ఉద్యోగం నిలబడితే అంతకంటే ఏం కావాలి? ఇద్దరం కాలనీ గేటు దగ్గర ఉండే ఫోన్ బూత్‌కి నడిచాం.

బూత్ నడిపే సాయిబు గడియారాలు బాగుచేసుకుంటున్నాడు. పెద్దమ్మ చెప్పిన నంబరు కలిపాను. ఆమె అద్దాల తలుపు అవతల నిలబడకుండా నాతోపాటే లోపల ఇరుక్కుంది, చెవి రిసీవర్‌కి ఆనించి. అటు ఎత్తింది వాళ్ళ వదిన. వెనకాల టీవీ మోగుతోంది.

"అమ్మా, నేను ఇల్లందు నుంచి మాట్లాడుతున్నాను. మీ మేనల్లుడు ఉన్నాడు కదమ్మా, బాయిలో ప్రమాదం జరిగింది. అతను... అతను ఇక లేడమ్మా."

ఆవిడ మొగుణ్ణి పిలవడం వినిపించింది. "ఏమయ్యో, ఇల్లందు నుంచి ఎవలో ఫోను. పిలగాడు పోయిండంట."

మగగొంతు దూరం నుంచి, "ఎవలు చెప్తున్నరు?" అంది.

"ఏమో, ఎవలో ఆడామె. సీరియల్ల మాట్లాడినట్టు మాట్లాడుతుంది. 'అతను ఇక లేడమ్మా' అంటుంది."

"టీవీల గా పిలగాడు గూడ గట్లనే పోయె, మొన్న మల్లొచ్చె. మా చెల్లె సంగతి నీకెరుకలేదా? కాకి ఏమన్న తన్నిందేమో అడుగు."

"ఏమమ్మా, కాకి తన్నిందా?" అని వదిన నన్ను అడిగింది. నిజంగానే అడిగింది, వెక్కిరింతగా కాదు. ఏ మాట సాఫ్‌గా ఉంటుందని నన్ను తీసుకొచ్చిందో ఆ మాటే కొంప ముంచింది. చావు కబురు చెప్పేవాళ్ళు 'ఇక లేడమ్మా' అంటారా ఎక్కడైనా? పోయిండే అని గుండెలు బాదుకుంటారు. మా టీవీ తెలుగుకి ఎవరు ఏడుస్తారు?

"మాకు ఏడుపొస్తలేదు బిడ్డా. నిజమైతె చెప్పు, బస్సెక్కుతం" అంది వదిన.

పెద్దమ్మ అంతా వింది. నా వైపు చూసింది. నన్ను తిట్టినా బాగుండేది. ఆమె చూపులో తిట్టు లేదు, ఒక లెక్క ఏదో తేల్చుకుంటున్నట్టుంది. నా చేతిలో రిసీవర్ లాక్కుంది. వద్దు పెద్దమ్మా అనబోయాను. అప్పటికే మొదలైంది.

"ఓ అన్నా... నా కొడుకు పోయిండే అన్నా... సద్ది కట్టిన గిన్నె ఇంక సల్లారకపాయె... లెవ్వమంటె లేస్తలేడే అన్నా... మామ ఏడని అడిగితె నేనేం జెప్పాలె..."

ఆమె గొంతులో అంత ఏడుపుందని నాకు తెలియదు. ఎంతమంది చావులకి మంచినీళ్ళు పట్టిందో అదంతా దాచిపెట్టుకుందేమో. పుట్టినప్పుడు వాడు ఏడవలేదని, తానే వీపు తట్టి ఏడిపించానని, ఇప్పుడు ఎంత తట్టినా పలకడం లేదని శోకం తీస్తోంది. సాయిబు చేతిలో గడియారం పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. రిసీవర్‌లోంచి ముందు "చెల్లే, చెల్లే" అన్న పిలుపు వచ్చింది. ఆ తర్వాత, అటు పక్క ఒక మగమనిషి బొబ్బ. తల్లి నోటితో అనదని వాళ్ళకీ తెలుసు. అంది కాబట్టి నమ్మారు.

నేను ఏడుస్తున్నానని నాకు అప్పుడు తెలిసింది. ఇదంతా అబద్ధమని ఆ రోడ్డు మీద తెలిసిన రెండో మనిషిని నేనే. అయినా ఏడ్చాను, మావారు లోపల ఉన్నారు కాబట్టి ఏడ్చాను. కాలనీ నుంచి ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. ఎవరు ఏం విన్నారో, ఏం అనుకున్నారో. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. చివరి క్వార్టర్ ఆవిడ బూత్ మెట్టు మీదే కూలబడి, తన మొగుడి పేరు పెట్టి ఏడవడం మొదలుపెట్టింది.

ఆ గుంపులోంచి తోసుకుంటూ కొడుకు వచ్చాడు. లుంగీ, బనీను, సగం గీసుకున్న గడ్డం. "అమ్మా! నేనీడనే ఉన్న. ఏందే ఇది?"

పెద్దమ్మ ఏడుపు ఆపలేదు. ఎడమచేత్తో వాడి నోరు మూసింది. "జర ఆగు. ఇప్పుడే చెప్పకు, వాళ్ళను కడుపునిండ ఏడ్వనీ" అంది, గొంతు తగ్గించి. ఆ తర్వాత రిసీవర్‌ని తన చెవి దగ్గర నుంచి తీసి వాడి చెవికి ఆనించింది. వాడు విన్నాడు. తన కోసం మేనమామ నేల బాదుకుంటూ ఏడవడం మొత్తం విన్నాడు. వాడి ముఖం చిన్నపిల్లాడి ముఖంలా అయిపోయింది, కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి.

"ఇన్నవా? పారింది" అంది పెద్దమ్మ, చెంగుతో ముఖం తుడుచుకుంటూ. "ఇగ రేపటి నుంచి డ్యూటీకి పో."

పొమ్మంటూనే వాడి మణికట్టు పట్టుకుంది. నేనూ చివరి క్వార్టర్ ఆవిడా చెరో పక్కా చేరి విడిపించబోయినా ఆ పట్టు వదల్లేదు.